బరువు దించుకున్న ఒళ్లు

బాగేపల్లి నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు. పొద్దున్నే బాగేపల్లి దగ్గరి మిట్టేమరిలో ఇల్లు తాళం వేసుకొని బయలుదేరినవాళ్లు, ఆసుపత్రి పనో కాలేజీ పనో చూసుకొని దీపాలు పెట్టేవేళకు తిరిగొచ్చేంత దూరం. ఆ రోడ్డును ఎత్తి నిలువునా నిలబెట్టి, అలాంటివి నాలుగు ఒకదాని మీద ఒకటి పేరిస్తే, కొసన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తగులుతుంది.

ఆ నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున మనుషులు చేపల్లా ఈదుతూ, తలకిందులుగా అన్నం తింటూ, గోడకు కట్టిన సంచిలో దూరి నిద్రపోతూ కనిపిస్తారు. అది చూసి, పైన గురుత్వాకర్షణ ఉండదు కాబోలు అనుకునేవాళ్లే ఎక్కువ. లెక్క వేసి చూస్తే సంగతి వేరు. భూమి కేంద్రం నుంచి నేల దాకా 6,371 కిలోమీటర్లు. దానికి మరో 400 కలిపినంత మాత్రాన భూమి లాగే బలం పెద్దగా తగ్గదు. ఇక్కడ 60 కిలోలు తూగే మనిషిని అంత ఎత్తున ఒక గోపురం కట్టి, దాని మీద నిలబెట్టి తూచగలిగితే ముల్లు 53 కిలోల దగ్గర ఆగుతుంది. అంటే పైన ఉన్నవాళ్లను భూమి దాదాపు ఇంతే బలంతో లాగుతోంది.

మరి తేలడం ఎందుకు? వాళ్లు పడుతున్నారు గనుక. నిండు చేద బావిలోంచి పైకి వస్తుండగా తాడు తెగిందనుకుందాం. ఆ క్షణం నుంచి చేద నీటిని తాకేదాకా, అందులోని నీళ్లు చేద అడుగును నొక్కవు. చేదా నీళ్లూ ఒకే వేగంతో పడుతుంటాయి. అంతరిక్ష కేంద్రం, అందులోని మనుషులు, వాళ్ల చేతిలోని చెంచా కూడా అలాగే కలిసి పడుతున్నాయి. కాకపోతే గంటకు దాదాపు 27,600 కిలోమీటర్ల వేగంతో పక్కకు దూసుకుపోతున్నందువల్ల, అవి పడేకొద్దీ భూమి కూడా కింద అంతే వంపు తిరిగిపోతుంది. పడడం ఆగదు, నేల తగలదు. సుమారు గంటన్నరకొక చుట్టు.

కాబట్టి అక్కడ లేనిది భూమి లాగే బలం కాదు, కింది నుంచి ఎదురు నెట్టే నేల. మన ఒంటికి బరువుగా తెలిసేది ఈ ఎదురు నెట్టడమే. అరికాలును నేల నెడుతుంది, మడమను అరికాలు, పిక్క ఎముకను మడమ, తుంటిని తొడ ఎముక, తలను వెన్నుపూసలు. నెత్తి దాకా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పోయే ఈ వరుస ఆగిపోతే కండరానికి, ఎముకకు, నెత్తురుకు ఏమవుతుందో చూడడమే ఈ అధ్యాయం పని.

నిలబడడం కూడా పనే

మిట్టేమరి చుట్టూ నేల చదునుగా పరుచుకొని ఉండదు. గుట్టలు, బండలు, ఎగుడుదిగుడు చేలు. నీళ్ల బిందె నడుముకెత్తుకొని ఎగువకు నడిచే మనిషి ఒంట్లో ఏకకాలంలో ఏమేమి జరుగుతున్నాయో చూడాలి. పిక్కలో లోపలి పొరగా ఉండే సోలియస్ అనే వెడల్పాటి కండరం మడమను వెనక్కి పట్టి, ఒళ్లు ముందుకు తూలకుండా ఆపుతుంది. తొడ ముందువైపు కండరాలు మోకాలు ముడుచుకుపోకుండా చూస్తాయి. పిరుదుల కండరాలు తుంటిని నిలబెడతాయి. వెన్ను పొడవునా ఉన్న సన్నని కండరాలు, బిందె ఒక పక్కకు లాగుతుంటే రెండో పక్క నుంచి సరిచేస్తాయి. వీటన్నిటినీ కలిపి శాస్త్రవేత్తలు గురుత్వ వ్యతిరేక కండరాలంటారు. పెళ్లి పందిట్లో ఊరికే నిలబడి కబుర్లు చెప్పుకునేటప్పుడు కూడా ఇవి సెలవు తీసుకోవు.

సోలియస్ ప్రత్యేకత వేరు. అందులో ఎక్కువ భాగం నిదానంగా బిగుసుకునే పోగులే. పెద్ద బలం చూపలేవు కానీ గంటల తరబడి అలసిపోకుండా పనిచేస్తాయి. రోజంతా నిలబడి చెనక్కాయ చేలో కలుపు తీసేవాళ్లను నిలబెట్టేది ఈ పోగులే. ఎడతెగని పనికి అలవాటుపడ్డవి గనుక, పని ఆగిపోతే అన్నిటికంటే ముందు దెబ్బతినేవీ ఇవే.

నెత్తురు సంగతి ఇంకొకటి. మనిషి నిలబడి ఉన్నప్పుడు గుండె దగ్గర సగటు రక్తపోటు 100 అనుకుంటే, తల దగ్గర అది 70 ప్రాంతాల్లో, పాదాల దగ్గర 200 ప్రాంతాల్లో ఉంటుంది. నెత్తురు కూడా బరువున్న ద్రవమే కదా, కిందికి దిగుతుంది. దాన్ని మళ్లీ గుండెకు చేర్చడానికి కాళ్ల సిరల్లో ఒకవైపే తెరుచుకునే కవాటాలున్నాయి. నడిచే ప్రతి అడుగుకూ పిక్క కండరం ఆ సిరలను పిండుతుంది. పిక్కను రెండో గుండె అని వైద్యులు అనడం ఇందుకే.

పైకెక్కిన నీరు

కక్ష్యలోకి చేరిన కొద్ది గంటల్లోనే మొదటి మార్పు మొదలవుతుంది. కాళ్లలో ఉండాల్సిన ద్రవంలో లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా ఛాతీకి, తలకు ఎక్కుతుంది. మొహం ఉబ్బుతుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది, కాళ్లు సన్నబడతాయి. ఛాతీలో నెత్తురు ఎక్కువైందని గ్రహించిన శరీరం, ఒంట్లో నీరు ఎక్కువైపోయిందని లెక్క కట్టుకొని దాన్ని తగ్గించే పనిలో పడుతుంది. దాహం తగ్గుతుంది. కొన్ని రోజుల్లో నెత్తురులోని ప్లాస్మా పది నుంచి పదిహేను శాతం దాకా తరుగుతుంది. తగ్గిన నెత్తురును తోయడానికి గుండె మునుపటంత శ్రమ పడనక్కర్లేదు. ఆరు నెలలకు పైగా పైన ఉంటే గుండె కండరం కూడా కొంత చిక్కుతుంది. 340 రోజులు ఉండి 2016లో దిగిన అమెరికా వ్యోమగామి స్కాట్ కెల్లీ గుండెలో ఎడమ గది కండరం పాతిక శాతానికి మించి తగ్గినట్టు కొలిచారు.

ఎర్ర రక్తకణాలదీ అదే దారి. కెనడాకు చెందిన గై ట్రూడెల్ బృందం 14 మంది వ్యోమగాములను ఆరేసి నెలల పాటు పరీక్షించి 2022లో ఫలితాలు వెల్లడించింది. నేల మీద మన ఒంట్లో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు నశించి, అన్నే కొత్తవి పుడతాయి. అంతరిక్షంలో సెకనుకు 30 లక్షలు నశిస్తున్నాయని తేలింది. పైన ఉన్నంతకాలం ఈ లోటు పెద్దగా తెలియదు. దిగి నిలబడబోయినప్పుడు తెలుస్తుంది. తగ్గిన నెత్తురు ఒక్కసారిగా కాళ్లలోకి దిగిపోతే మెదడుకు అందక కళ్లు తిరుగుతాయి. అందుకే దిగబోయే ముందు వ్యోమగాములు ఉప్పు, నీళ్లు బాగా తీసుకునేలా చేస్తారు.

చెవిది మరో కథ. లోపలి చెవిలో మెత్తని పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పేరుకొని ఉంటాయి. తల వంచితే అవి ఒక పక్కకు ఒరిగి, కింద ఏదో, పైన ఏదో మెదడుకు చెబుతాయి. భారరహిత స్థితిలో వాటికి ఒరిగే దిక్కే లేదు. కళ్లు ఒకటి చెబుతుంటే చెవులు మరొకటి చెబుతాయి. మొదటి రెండు మూడు రోజులు వ్యోమగాముల్లో సగం మందికి పైగా వికారంతో, వాంతులతో బాధపడేది ఇందుకే.

కొన్ని నిమిషాల ప్రయాణాల్లో ఇవన్నీ అనుభవానికి రావు. 2021 జులై 11న ఆంధ్ర బిడ్డ బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ వాహనంలోనూ, 2024 మే 19న విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ బ్లూ ఆరిజిన్ రాకెట్‌లోనూ చూసిన భారరహిత స్థితి కొద్ది నిమిషాలే. కండరం తరగాలంటే రోజులు పట్టాలి.

కండరం ఖర్చు తగ్గించుకుంటుంది

1970 జూన్‌లో సోవియట్ వ్యోమగాములు ఆండ్రియన్ నికొలాయెవ్, విటాలీ సెవస్త్యానోవ్ సోయుజ్-9 అనే ఇరుకు నౌకలో దాదాపు 18 రోజులు గడిపారు. అప్పటికి అదే రికార్డు. దిగాక వాళ్లను వాహనంలోంచి మోసుకు రావాల్సి వచ్చింది. సరిగ్గా నడవడానికి రోజులు పట్టింది. ఇద్దరూ ఎంపిక చేసిన దృఢకాయులు, ఒకరు అనుభవమున్న పైలట్. మూడు వారాలు కూడా నిండకుండానే ఇంత నష్టమైతే, నెలల తరబడి ఉండాల్సిన అంతరిక్ష కేంద్రాల మాటేమిటని సోవియట్ వైద్యులు ఉలిక్కిపడ్డారు. మరుసటి ఏడు ఎగిరిన సాల్యూట్-1 కేంద్రంలో ట్రెడ్‌మిల్ పెట్టారు. ఒంటిని భుజాల నుంచి కాళ్ల దాకా రబ్బరు పట్టీలతో కుదించి పట్టే ‘పెంగ్విన్’ దుస్తులు తొడిగారు.

లోపల జరిగేది ఇది. కండరంలో ప్రొటీన్లు నిత్యం కూలుతూ, నిత్యం కొత్తగా కట్టుకుంటూ ఉంటాయి. పని ఉన్నంతకాలం కట్టడం, కూల్చడం సమానంగా సాగుతాయి. కండరాన్ని పోషించడం ఒంటికి ఖర్చుతో కూడిన వ్యవహారం. బరువు మోసే పని లేదని తెలిసిన కొన్ని రోజుల్లోనే కట్టుబడి మందగిస్తుంది, పోగులు సన్నబడతాయి. అయిదు నుంచి పదకొండు రోజుల యాత్రల్లోనే కొన్ని కండరాలు ఇరవై శాతం దాకా తరగవచ్చని నాసా చెబుతుంది. సోలియస్‌లో నిదానపు పోగులు కొన్ని తమ స్వభావమే మార్చుకొని, త్వరగా బిగుసుకొని త్వరగా అలసిపోయే రకంగా మారతాయి. చేతులకు నష్టం తక్కువ, ఎందుకంటే అంతరిక్షంలో అటూ ఇటూ కదలడానికి చేతులతోనే పట్టుకొని తోసుకోవాలి. కాళ్లే అక్కడ పనికిరాని సామాను.

1984 ఏప్రిల్ 3న సోయుజ్ టీ-11లో వెళ్లి సాల్యూట్-7లో దాదాపు ఎనిమిది రోజులున్న రాకేశ్ శర్మ చేసిన ప్రయోగాల్లో యోగాసనాలూ ఉన్నాయి. ఇందులో ఒక చిక్కుంది. ఆసనంలో ఒంటికి దొరికే వ్యాయామంలో చాలా భాగం సొంత బరువును మోయడం వల్లే వస్తుంది. బరువే లేనప్పుడు ఆసనం ఉత్త భంగిమగా మిగులుతుంది. అందుకని ఆయన సాగే పట్టీల సరంజామాతో ఒంటిని బిగించుకొని ఆసనాలు వేశారు. నేల చేయాల్సిన పనిని పట్టీలతో చేయించడమన్న మాట.

నేటి అంతరిక్ష కేంద్రంలో ఈ ఆలోచనే పెద్ద యంత్రమైంది. 2008లో పైకి పంపిన ఏరెడ్ అనే పరికరంలో ఇనుప బిళ్లలు ఉండవు, ఉన్నా అక్కడ వాటికి బరువుండదు. బదులుగా గాలి తీసేసిన గొట్టాలలో ముషలకాన్ని లాగాలి. ఆ శూన్యం ఎదురు లాగుతుంది. 270 కిలోల దాకా బరువెత్తినంత ప్రతిఘటన వస్తుంది. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తేవాళ్లను నడుము, భుజాల పట్టీలు కిందికి లాగుతుంటాయి. రోజుకు రెండు గంటలకు పైగా ఈ వ్యాయామానికే కేటాయిస్తారు.

హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన ఇంజనీరు కొడుకు రాజాచారి, నాసా క్రూ-3 యాత్రకు కమాండర్‌గా 2021 నవంబరులో వెళ్లి 177 రోజులుండి 2022 మే 6న దిగాడు. ఆ ఆరు నెలల్లో రెండుసార్లు కేంద్రం బయట పనిచేశాడు. ఉబ్బిన స్పేస్‌సూట్ వేళ్లను ప్రతిసారీ ఎదురు తోస్తుంటే ఆరేడు గంటలు పనిముట్లు పట్టుకోవడానికి ముంజేతి కండరాలు గట్టిగా ఉండాలి. పైన కూడా కండరానికి అవసరం తీరిపోదు.

అయినా యంత్రాలు నష్టాన్ని పూర్తిగా ఆపలేవు. ఆరు నెలలు కేంద్రంలో ఉన్నవాళ్ల పిక్క కండరాల నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించిన రాబర్ట్ ఫిట్స్ బృందం 2010లో వెల్లడించిన ఫలితం కలవరపెట్టింది. వ్యాయామం చేస్తూ వచ్చినా, కొందరి పిక్క పోగుల పనితనం నలభై ఏళ్ల మనిషిది ఎనభై ఏళ్ల మనిషి స్థాయికి జారినంతగా పడిపోయింది. ఆ పరీక్షలు ఏరెడ్ రాకముందరి యాత్రలవి. తరవాత పరిస్థితి మెరుగుపడింది గాని, ప్రశ్న మిగిలే ఉంది: బరువు తప్ప కండరాన్ని కాపాడే దారి మరొకటి లేదా?

దానికి జవాబు వెతికే ప్రయత్నాల్లో ఒకటి బాగేపల్లి ఉన్న జిల్లాకు దగ్గర్లోనే సాగింది. బాగేపల్లి నుంచి వచ్చే బస్సు హెబ్బాళ చేరకముందే జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయ ఆవరణ పక్కగా పోతుంది. అక్కడే ఇన్‌స్టెమ్ అనే మూలకణ పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు తయారుచేసిన కండర కణాల ప్రయోగాన్ని 2025 జూన్ 25న బయలుదేరిన భారత వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో నిర్వహించాడు. కండరం దెబ్బతిన్నప్పుడు మరమ్మతు చేసే మూలకణాలు భారరహిత స్థితిలో ఎందుకు వెనకబడతాయి, కొన్ని పోషక పదార్థాలు అందిస్తే కోలుకుంటాయా అన్నది ప్రశ్న. దీని ఫలితం వ్యోమగాములకంటే ముందు, వయసుతో కండ కరిగిపోయే ముసలివాళ్లకు పనికిరావచ్చు.

శుక్లా కేంద్రంలో 18 రోజులుండి జులై 15న దిగాడు. నేల మీదికి వచ్చాక ఫోన్ చేతికి తీసుకుంటే అంత బరువా అని ఆశ్చర్యపోయానని, మంచం మీద నుంచి లాప్‌టాప్‌ను తేలుతుందనే ధీమాతో గాలిలోకి వదిలేశానని ఆయన విలేకరులకు చెప్పాడు. గదిలో తివాచీ ఉండడంతో అది పగల్లేదు. తేలే లోకానికి అలవాటుపడడానికి మెదడుకు రెండు వారాలు చాలాయి.

ఎముక, సంగటి, ఫ్లోరైడు

జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ఒక సూత్రం రాశాడు: ఎముక తన మీద పడే బరువును బట్టి తన నిర్మాణాన్ని మార్చుకుంటుంది. టెన్నిస్ ఆటగాళ్ల రెండు చేతులనూ ఎక్స్‌రే తీస్తే, బ్యాటు పట్టే చేతి ఎముక లావుగా కనిపిస్తుంది. ఎముకలో పాతది తొలిచే కణాలు ఒక రకం, కొత్తది పోసే కణాలు మరో రకం. ఈ రెండింటికీ పని చెప్పేవి ఎముక లోపల చిక్కుకొని ఉండే ఆస్టియోసైట్లు. అడుగు పడ్డప్పుడల్లా ఎముక వెంట్రుక వాసిలో వంగుతుంది. ఆ వంపు వాటికి కబురు.

బాగేపల్లి ఉన్న జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. గౌరిబిదనూరు దగ్గరి హోసూరులో పేద ఇంట పుట్టిన హెచ్.నరసింహయ్య, హైస్కూలు చదువు కోసం 1935లో బెంగళూరుకు కాలినడకన వెళ్లాడు. తరవాత అమెరికాలో అణుభౌతికశాస్త్రం చదివి, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యాడు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం స్థాపించి, మూఢనమ్మకాల మీద పోరాడాడు. ఆయన నడిచిన దూరం సుమారు 80 కిలోమీటర్లు. కిలోమీటరుకు 1,300 అడుగుల లెక్కన లక్షకు పైగా అడుగులు. నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ తుంటి కీలు మీద పడే బలం ఒంటి బరువుకు రెండున్నర, మూడు రెట్లు ఉంటుంది. అంటే ఆ ఒక్క ప్రయాణంలో కుర్రవాడి తుంటి ఎముకలకు లక్ష కబుర్లు అందాయి.

అంతరిక్షంలో ఆ కబుర్లు ఆగిపోతాయి. తొలిచే కణాలు పని ఆపవు, పోసే కణాలు మందగిస్తాయి. తుంటి, తొడ పైభాగాల్లో నెలకు ఒక శాతం నుంచి ఒకటిన్నర శాతం దాకా ఎముక తరుగుతుంది. ముట్లుడిగిన ఆడవాళ్లలో ఏడాది పట్టే తరుగు ఇక్కడ ఒక నెలలో జరిగిపోతుంది. కరిగిన కాల్షియం నెత్తురులో కలిసి మూత్రంలోకి పోతుంది, కిడ్నీలో రాళ్లు పడే ప్రమాదం పెరుగుతుంది. దిగాక కోలుకోవడం కూడా తేలిక కాదు. 17 మంది వ్యోమగాములను దిగిన ఏడాది తరవాత పరీక్షించిన కెనడా శాస్త్రవేత్తలు, వాళ్లలో తొమ్మిది మంది కాలి ఎముక మునుపటి గట్టిదనానికి చేరలేదని 2022లో తెలిపారు.

కాల్షియం తింటే సరిపోదా? బాగేపల్లి, చింతామణి వైపు ఈ ప్రశ్న అడగడానికి అర్హత ఉన్నవాళ్లే ఎక్కువ. ఇక్కడి సంగటి రాగిది. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు. ఎముకకు అది మంచి ముడిసరుకే. కానీ వ్యోమగాములకు కాల్షియానికి, విటమిన్ డీకి లోటు రానివ్వకపోయినా ఎముక కరగడం ఆగలేదు. ఏరెడ్‌తో బరువులెత్తించి, తిండి, విటమిన్ డీ సరిగా అందించినప్పుడే ఎముక సాంద్రత నిలబడింది. సరుకు గోడౌనులో ఉన్నా, కట్టమని ఎవరో చెప్పాలి.

ఈ ప్రాంతానికే తెలిసిన మరో పాఠం ఉంది. లోతు బోర్ల నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న తాలూకాల్లో బాగేపల్లి ఒకటి. ఫ్లోరైడు ఎముకను తరగనివ్వదు, పెంచుతుంది. ఆ గుణాన్ని చూసే, ఎముకలు గుల్లబారిన స్త్రీలకు దాన్ని మందుగా ఇచ్చి చూశారు. అమెరికాలో 202 మంది మీద నాలుగేళ్లు సాగిన ఆ పరీక్ష ఫలితం 1990లో వచ్చింది. వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. కానీ చేతులు, కాళ్లు, తుంటి విరగడం మందు తీసుకోనివాళ్లకంటే ఎక్కువైంది. ఎముక ఎంత ఉందన్నది ఒకటి, ఎక్కడ ఎలా అమరిందన్నది మరొకటి. బరువు చూసుకొని పోసిన ఎముకకు ఉండే అమరిక ఫ్లోరైడు పోసినదానికి లేదు.

మంచమే కక్ష్య అయితే

1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ల విద్యార్థులు ఐదుగురు మూడు వారాల పాటు మంచం దిగకుండా పడుకున్నారు. ఆరోగ్యవంతులే. లేచాక చూస్తే, శ్రమ చేసేటప్పుడు ఒళ్లు వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్ నాలుగో వంతుకు మించి పడిపోయింది. ముప్పై ఏళ్ల తరవాత ఆ ఐదుగురినే మళ్లీ పిలిచి కొలిచారు. ముప్పై ఏళ్ల వయసు తెచ్చిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది.

మంచానికీ కక్ష్యకూ పోలిక అందరికంటే ముందు కనిపెట్టినవాళ్లు రష్యన్లు. దిగివచ్చిన వ్యోమగాములు రాత్రి పడుకుంటే మంచం కాళ్లవైపుకు జారిపోతున్నట్టుందని ఫిర్యాదు చేసేవారు. కాళ్లవైపు కొంచెం ఎత్తు పెడితే చదునుగా ఉన్నట్టు అనిపించేది. అక్కడి నుంచి పుట్టిందే తలవైపు ఆరు డిగ్రీలు దించిన మంచం పరీక్ష. జర్మనీలోని కొలోన్‌లో జీతం ఇచ్చి మనుషులను అలాంటి మంచాల మీద అరవై రోజులు పడుకోబెడతారు. తిండి, స్నానం, మూత్రం అన్నీ పడుకునే. నెత్తురు పైకెక్కడం, పిక్క సన్నబడడం, ఎముక కరగడం అన్నీ అంతరిక్షంలోలాగే జరుగుతాయి.

జీతం లేకుండా ఈ పరీక్ష మన ఊళ్లలో నిత్యం జరుగుతూనే ఉంది. కాలు జారి తుంటి విరిగిన అవ్వ, పక్షవాతం వచ్చిన తాత, నెల రోజులు కామెర్లతో పడుకున్న మనిషి. కదలొద్దు, పడుకో, అన్నీ మేం చేస్తాం అని ఇంట్లోవాళ్లు ప్రేమ కొద్దీ అంటారు. సగటున 67 ఏళ్ల ఆరోగ్యవంతులను పది రోజులు మంచం మీద ఉంచిన అమెరికా శాస్త్రవేత్తలు 2007లో చెప్పిన లెక్క ఇది: ఆ పది రోజుల్లో కాళ్ల నుంచి ఒక్కొక్కరికి దాదాపు కిలో కండ పోయింది. ఐసీయూలో పరిస్థితి ఇంకా తీవ్రం. లండన్‌లో 63 మంది రోగుల తొడ కండరాన్ని స్కాన్ చేస్తూ పోతే, పది రోజుల్లో అది దాదాపు 18 శాతం సన్నబడింది. తుంటి శస్త్రచికిత్స అయిన మరుసటి రోజే రోగిని లేపి నిలబెట్టాలని ఇప్పుడు వైద్యులు పట్టుబట్టేది ఇలాంటి లెక్కలు చూసే.

ఎదురు బలం ఎక్కువైతే

బెంగళూరులో 1957లో మొదలైన వైమానిక దళ ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలో ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన సమస్య మీద పని జరుగుతుంది. యుద్ధవిమానం వేగంగా మలుపు తిరిగితే పైలట్ మీద తొమ్మిది రెట్ల బరువు పడవచ్చు. 60 కిలోల మనిషి 540 కిలోలైనట్టు. నెత్తురు కాళ్లలోకి దిగిపోయి, మెదడుకు అందక, చూపు మసకబారి స్పృహ తప్పుతుంది. పొడవాటి చేతి కొసన గది ఉండి గిర్రున తిరిగే యంత్రంలో పైలట్లను కూర్చోబెట్టి, ఆ సమయంలో పిక్కలు, తొడలు, పొట్ట బిగించి నెత్తురును పైకి ఎలా నెట్టాలో నేర్పిస్తారు. భారత మానవసహిత అంతరిక్ష యాత్ర గగనయాన్‌కు ఎంపికైన నలుగురూ వైమానిక దళ టెస్ట్ పైలట్లే.

తిప్పడం వల్ల బరువు పుడుతుందంటే, అంతరిక్షంలోనూ మనుషులను తిప్పొచ్చు కదా? కొలోన్‌లో 2019లో ఇదే చేశారు. మంచం మీదున్నవాళ్లను రోజుకు అరగంట పాటు గిరగిర తిప్పారు. అంగారకుడికి వెళ్లేవాళ్లకు ఇలాంటిదేదో కావాలి. దారిలో ఆరు నెలల భారరహిత స్థితి, అక్కడ నేల బలం భూమి మీద దానిలో 38 శాతం. చంద్రుడి మీదైతే ఆరో వంతే. చంద్రుడి మీద నడిచిన 12 మందిలో ఎవరూ నాలుగు రోజులు కూడా అక్కడ లేరు. నేల ఎంత నెడితే ఎముకకు, కండకు చాలుతుందో తేల్చాలంటే ఆ అనుభవం సరిపోదు.

ఇంటి దగ్గర మాత్రం కొలత సులువు. దిగిన వ్యోమగాముల మీద నాసా చేసే తొలి పరీక్షల్లో ఒకటి, కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడడం. దానికి దగ్గరి చుట్టమే వైద్యులు ముసలివాళ్లకు పెట్టే పరీక్ష. చేతులు లేని గట్టి కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ గుండెల మీద కట్టుకొని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. 65 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు 12 సార్లకు, ఆడవాళ్లు 11 సార్లకు తగ్గితే కాళ్ల బలం తక్కువని, పడిపోయే ప్రమాదం ఎక్కువని అమెరికా ఆరోగ్య శాఖ ప్రమాణం. పక్కన ఎవరైనా పట్టుకోవడానికి నిలబడి ఉండాలి.

లెక్క తక్కువ వచ్చినవాళ్లకు ఆలస్యమైపోయిందా? బోస్టన్‌లో మరియా ఫియాతరోన్ అనే వైద్యురాలు 86 నుంచి 96 ఏళ్ల మధ్యనున్న పదిమంది వృద్ధాశ్రమవాసులను ఎంచుకొని, ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించింది. 1990లో వెల్లడైన ఫలితాల్లో తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. తరవాత నాలుగు వారాలు వ్యాయామం ఆపేసి కొలిస్తే, గరిష్ఠ బలంలో దాదాపు మూడో వంతు పోయింది.